ఆరిపోయిన కార్డు మీద రెండో చుక్క

రక్తం చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయి. ఈ సంగతి పైవాళ్ళకు తెలియకుండా ఇరవై నాలుగేళ్ళు ల్యాబ్ టెక్నీషియన్‌గా నెట్టుకొచ్చినాను. మదనపల్లెలో ఉద్యోగంలో చేరిన మొదటి రోజు ఒక రైతు వేలు గుచ్చినాను. చుక్క పైకి రాగానే నేను కింద పడినాను. ఆయన నన్ను లేపి, నీళ్ళు తాపించి, తలగుడ్డ విప్పి గాలి విసిరి, రెండో వేలు చాపి, "భయపడాకప్పా, ఇంగో తూరి గుచ్చు" అన్నాడు. ఇందులో కింద పడటం వరకు నిజం. తలగుడ్డ, గాలి, రెండో వేలు నేను తర్వాత కలిపినవి.

నా సంగతి ముందే చెప్పటం మేలు. ఏ విషయమైనా నా నోట్లో పడితే ఉబ్బుతుంది. యాభై దాటగానే స్వచ్ఛందంగా రిటైరైనాను, ఇంక మారే వయసు కాదు. ల్యాబుల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు ఇద్దరు ముగ్గురు అడిగితే ఇది రాస్తున్నాను. (అడిగింది ఒక్కడే. వాడూ మొహమాటానికి అడిగినాడు.) ప్రమోషన్ల గురించి, బదిలీల గురించి రాయను. హెచ్.ఐ.వి. పరీక్ష గురించి రాస్తాను, అందులోనూ ఒక్క చుక్క గురించి. దాన్ని మాత్రం ఎంత ఉండిందో అంతే చెప్పాలని చూస్తాను. ఒకసారి దాన్ని ఉన్నదానికంటే పెద్దగా చూసినాను కాబట్టి.

*మునస్వామి సారు గడియారం*

మదనపల్లె ల్యాబులో నా పైన సీనియర్ మునస్వామి సారు. మనిషి సన్నం, మీసం లావు. ఆయన బల్ల మీద ఒక అలారం గడియారం ఉండేది. అది మోగితే టమోటా మార్కెట్టులో వేలంపాట ఆగిపోయేది. లారీలు వెనక్కి పోయేవి. సరే, ల్యాబులో అందరం ఉలిక్కిపడేవాళ్ళం, అంతవరకు ఒప్పుకోండి.

తొంభైలలో మా దగ్గరికి కొత్తగా వచ్చినాయి ఆ పరీక్ష కార్డులు. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద ప్లాస్టిక్ ముక్క, మధ్యలో చిన్న కిటికీ. రక్తంలో పైకి తేలిన నీరు ఒక చుక్క, దాని మందు రెండు చుక్కలు వేసి కాచుకోవాలి. కిటికీలో ఒక చుక్క కనిపిస్తే కార్డు పనిచేస్తా ఉందని అర్థం. దాని పక్కన రెండోది కూడా తేలితే అనుమానం. ఇదంతా ఇరవై నిమిషాల లోపల చూసేయాలి. ఆ తర్వాత కార్డు ఆరిపోతుంది. ఆరినాక ఏమీ లేని రక్తానికి కూడా అక్కడ ఒక మరక తేలవచ్చు.

ఆ ఇరవై నిమిషాలూ మునస్వామి సారు కార్డుకు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. టీ తాగడు, మాట్లాడడు. కలెక్టరు వచ్చినా లేవడని నేను చెప్పుకునేవాడిని. కలెక్టరు ఎప్పుడూ రాలేదు కాబట్టి ఎవరూ కాదనలేదు. నేను నవ్వితే ఆయన ఒకే మాట అన్నాడు.

"తడిగా ఉన్నంతసేపే అది సాక్షి. ఆరినాక నువ్వేం సూడాలనుకుంటే అది సూపిస్తాది."

ఇంకోటి కూడా నేర్పినాడు. ఒక కార్డు పాజిటివ్ అంటే అది జబ్బు కాదు. వేరే రకం కార్డు, మూడో రకం కార్డు కూడా అదే మాట అంటే అప్పుడు మనిషిని కూర్చోబెట్టి, తలుపు వేసి, చెప్పాలి. అంతవరకు నోరు కుట్టుకోవాలి. ఈ రెండు మాటలు మీరు గుర్తు పెట్టుకుంటే ఇంక ఇది చదవకపోయినా పరవాలేదు. నేను రెండూ విన్నాను. విని, ఆయన కూర్చునే తీరును కాపీ కొట్టి, మూడు ఊళ్ళలో జనాన్ని నవ్వించినాను.

*పుంగనూరులో ఎర్ర నక్షత్రం*

ఆ తర్వాత పుంగనూరు. నా గది ఎంత ఇరుకంటే, నేను ఊపిరి పీల్చితే సిస్టరమ్మ వదలాలి. ఫ్రిజ్జు పుంగనూరు ఆవంత ఎత్తు, ఆవంతే సాధువు. కరెంటు లేకపోయినా నోరెత్తేది కాదు. అందులో కిట్లతో పాటు మా సూపరింటెండెంటు మజ్జిగ ఉండేది. కిట్లు పాడైనాయని నేను రాస్తే పట్టించుకోలేదు గానీ మజ్జిగ పులిసిందని మాత్రం మెమో ఇచ్చినాడు.

అది భయం కాలం. గ్లౌజులు కడిగి, పౌడరు చల్లి, మళ్ళీ తొడుక్కునే రోజులు. ఆ జబ్బు పేరు చెప్తే పెద్ద డాక్టర్లు కూడా రెండడుగులు వెనక్కి జరిగేవాళ్ళు. ఆ భయంలోనే సూపరింటెండెంటు ఒక పద్ధతి పెట్టినాడు. కార్డులో రెండో చుక్క తేలితే, ఆ మనిషి ఓ.పీ. చీటీ మూలన ఎర్ర పెన్సిలుతో చిన్న నక్షత్రం. ఏమీ రాయకూడదు, ఎవరికీ చెప్పకూడదు, స్టాఫు జాగ్రత్త పడేదానికి మాత్రమే. రహస్యం ఎంత గట్టిదంటే, రెండు నెలల్లో ఆసుపత్రి గేటు ముందర టీ కొట్టాయనకు కూడా నక్షత్రం చదవటం వచ్చేసింది. చీటీ చూసి కొందరికి గాజు గ్లాసు, కొందరికి కొబ్బరి చిప్ప. ఇది నేను ఉబ్బించి చెప్తున్నది కాదు. చిప్ప నేను కళ్ళారా చూసినాను. చూసి, నా టీ తాగి, వచ్చి పనిలో కూర్చున్నాను.

ఆ నక్షత్రం చుట్టుపక్కల ఆసుపత్రులన్నింటికీ పాకింది. ఏ జీవోలోనూ లేదు. అందుకే దాన్ని ఎవరూ రద్దు చేయలేకపోయినారు.

*నంబర్లు కావాలి నాయనా*

తొంభైల చివర నన్ను కుప్పం పంపినారు. అక్కడికి పట్నం నుంచి ఒక పెద్ద డాక్టరు వచ్చేవాడు. పేరు రాయను. పరిశోధన చేసే మనిషి. ఆయన తెలుసుకోవాలనుకున్నది మంచి విషయమే. ఏసీ గదిలో పెద్ద మిషను చేసే పరీక్షను, దుమ్ములో బడి వరండాలో పెట్టిన చిన్న కార్డు ఎంతవరకు అందుకోగలదు? అందుకోగలిగితే పల్లెల్లో ఆడవాళ్ళు బస్సెక్కి రావలసిన పని ఉండదు. ఊరూరా గర్భిణుల క్యాంపు పెట్టి, మేము కార్డు చూసి రాసుకుంటాం. అదే రక్తం ఐసుపెట్టెలో పట్నం పోతుంది. రెండూ పోల్చి ఆయన రాస్తాడు. పేర్లు ఉండవు, నంబర్లు మాత్రమే. ఎవరికీ ఏమీ చెప్పకూడదు. పట్నంలో తేలినాకే ఏదైనా.

నన్ను ఎందుకు ఎంచుకున్నాడంటే నేను నవ్విస్తాను కాబట్టి. నవ్వుతా ఉన్న మనిషి చెయ్యి చాపుతుంది. "అమ్మా, నీ దగ్గర తీసేది ఒక చెంచా, మీ ఊరి దోమలు తాగేదానికంటే తక్కువ" అంటే ముసుగు వేసుకున్న కోడళ్ళు కూడా నవ్వి కూర్చునేవాళ్ళు.

నేను ఒక తప్పు చేసేవాడిని. జేబులో చిన్న డైరీ పెట్టుకుని నంబరు పక్కన పేరు, పుట్టినూరు రాసుకునేవాడిని. పేరు లేకుండా రక్తం తీయటం నాకు దొంగతనంలా అనిపించేది. నా ఉద్యోగంలో నిబంధనకు వ్యతిరేకంగా చేసినా మంచికే వచ్చిన మొదటి పని అది.

పెద్ద డాక్టరు మెత్తని మనిషి. అటెండరును కూడా 'నాయనా' అనేవాడు. ఒక్క బలహీనత. క్యాంపుల మీద క్యాంపులు చేసినా రెండో చుక్క తేలకపోతే, పొద్దంతా గాలం వేసి ఖాళీ బుట్టతో లేచిన వాడి మొహం పెట్టేవాడు. ఊళ్ళో జబ్బు లేదంటే సంతోషించాలి గదా. కానీ నెగటివ్‌లతో పేపరు ఎట్లా రాస్తాడు? "నంబర్లు కావాలి నాయనా" అనేవాడు. ఆ మొహం చూసి నాకు పాపమనిపించేది. పై అధికారి మీద పాపమనిపించటం ఈ వృత్తిలో ప్రమాదం, రాసిపెట్టుకోండి.

*ఇరవై ఏనుగులు*

రామకుప్పం పక్కన ఒక పల్లె. బడి వరండాలో క్యాంపు. ఆ పొద్దు కడపటి మనిషి రెడ్డెమ్మ. ఇరవై ఏళ్ళుంటాయేమో, ఐదో నెల. సోమల దగ్గర పల్లె నుంచి ఆ ఊరికి కోడలుగా వచ్చింది. నంబరు నలభై ఒకటి. రక్తం తీసి, ట్యూబును చేతి మిషనులో తిప్పి, తేలిన నీరు కార్డులో వేసినాను.

"ఎంతసేపప్పా?" అనింది.

"ఇరవై నిమిషాలమ్మా. కదలకుండా కూర్చో, లేస్తే బిడ్డ నా మాదిరి పుడతాడు."

ఆమె నా మొహం చూసి, నిజంగానే భయపడినట్టు కూర్చుంది.

అప్పుడు లేచింది కేక. రాగి చేలో ఏనుగులు. మామూలుగా చీకట్లో వచ్చి చీకట్లోనే అడవికి పోయేవి, ఆ పొద్దు తెల్లారినా పోకుండా చెరుకు పక్కన దాక్కుని, ఎండెక్కినాక రాగిలోకి దిగినాయి. ఊరు ఊరంతా డబ్బాలు, తప్పెట్లు తీసుకుని పరిగెత్తింది. రెడ్డెమ్మ కూడా లేచింది, ఆ చేను వాళ్ళదే. మొగుడు అప్పటికే ఉరుకుతున్నాడు. ఆమెను కూర్చోమని గట్టిగా చెప్పి, నేను ఉరికినాను.

ఇరవై ఏనుగులు. ఒక్కొక్కటి మన బస్టాండంత. అట్లని నేను పదేళ్ళు చెప్పుకున్నాను.

చూసినాను. కేకలు వేసినాను. ఎవరిదో తప్పెట తీసుకుని కొట్టినాను. అవి అడవి దిక్కుకు తిరిగి కనుమరుగయ్యేదాకా నిలబడినాను. తిరిగి వచ్చేటప్పటికి గంట దాటింది. రెడ్డెమ్మ కూర్చోమన్న చోటనే కూర్చుని ఉండాది.

కార్డు ఆరిపోయింది. కిటికీలో మొదటి చుక్క ఉంది. దాని పక్కన, నాలుగుసార్లు ఉతికిన గుడ్డ మీద మిగిలిన పసుపంత, ఇంకోటి.

ట్యూబులో రక్తం ఉంది. పెట్టెలో కొత్త కార్డులు ఉన్నాయి. ఆ కార్డు పారేసి ఇంకోటి వేసి ఇరవై నిమిషాలు కూర్చుంటే అయిపోయేది. కానీ జీపు తిప్పి పెట్టినారు, ఐసు కరుగుతోంది, పెద్ద డాక్టరు నా భుజం మీదుగా వంగినాడు.

"రెండోది ఉందా నాయనా?"

"ఉంది సార్."

"స్పష్టంగానా?"

ఆయన మొహంలో వెలుగు అప్పటికే మొదలైంది. "స్పష్టంగానే సార్" అన్నాను.

"టైము లోపలేనా?"

"లోపలే సార్."

మూడు ప్రశ్నలు, మూడు జవాబులు. గొప్ప కోసం కాదు, పైసా కోసం కాదు. అడిగిన మనిషి మొహం చిన్నబోకుండా ఉండేదానికి. అబద్ధాలు ఎక్కువ భాగం ఇందుకే చెప్తాం.

*చీటీ మూలన*

జీపు ఎక్కబోతుంటే ఆ ఊరి సిస్టరమ్మ చీటీ పట్టుకుని వచ్చింది. కాన్పుల్లో చేతులు పెట్టేది ఆమె. "నాకైనా చెప్పు అప్పా, నాకూ పిల్లలుండారు" అనింది. చెప్పకూడదని నాకు తెలుసు. నేను చెప్పలేదు. ఎర్ర పెన్సిలు తీసి చీటీ మూలన గీసినాను. నక్షత్రానికి ఐదు కొనలు వేసినాను, చక్కగా.

మిగతాది నాకు తర్వాత తెలిసింది. ఆ ఊళ్ళో అప్పటికి నక్షత్రం చదవటం అందరికీ వచ్చు. సిస్టరమ్మ మంచికే అనుకుని, పుట్టబోయే బిడ్డకు చన్ను ఇవ్వొద్దని రెడ్డెమ్మకు చెప్పింది. మొగుడు పరీక్ష చేయించుకోలేదు. జబ్బు ఆడదానిదేనని అందరికీ తెలిసిపోయింది గదా. వారంలో ఆమెను పుట్టింటి బస్సెక్కించినారు.

తర్వాతి క్యాంపులో నలభై ఒకటి రాలేదు. "అమ్మగారింటికి పోయింది" అన్నారు. నేను ఇంకేమీ అడగలేదు. లోపల హమ్మయ్య అనుకున్నాను. ఈ రాతలో మీరు నన్ను తిట్టుకోవలసిన చోటు ఏనుగుల దగ్గర కాదు, ఇక్కడ.

*నున్నటి కాగితం*

ఏడాదిన్నర తర్వాత నేను మళ్ళీ పుంగనూరులో ఉండగా పోస్టులో ఒక కవరు వచ్చింది. పెద్ద డాక్టరు పేపరు అచ్చయింది. నున్నటి కాగితం, మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు. కడపటి పుటలో, చీమ కూడా కళ్ళజోడు పెట్టుకుని చదవాల్సినంత చిన్న అక్షరాల్లో, సహకరించిన వాళ్ళ వరుసలో నా పేరు. పుంగనూరులో నేను చూపించని మనిషి లేడు. బస్సు కండక్టరుకు కూడా చూపించినాను. చిల్లర ఇచ్చినాడు.

నాలుగు రోజులు చూపించినాక, ఐదో రోజు డిక్షనరీ పెట్టుకుని చదివినాను. ముందే చదివి ఉంటే ఎవరికీ చూపించేవాడిని కాదు. మధ్యలో ఒక పేరా. ఒక గర్భిణి రక్తం క్యాంపులో స్పష్టంగా, టైము లోపల పాజిటివ్ వచ్చింది, పట్నంలో చేసిన అన్ని పరీక్షల్లోనూ నెగటివ్ వచ్చింది. గర్భంతో ఉన్నప్పుడు ఒంట్లో జరిగే మార్పులే దీనికి కారణం కావచ్చు. నంబరు నలభై ఒకటి.

డైరీ తీసినాను. నలభై ఒకటి పక్కన నా చేతి రాతలోనే ఉంది. రెడ్డెమ్మ. సోమల.

సెలవు పెట్టి పట్నం పోయినాను. ఆ రిజల్టు ఎప్పుడు వచ్చింది సార్ అని అడిగితే, ఆ నెలలోనే వచ్చింది నాయనా అన్నాడు. కాగితాలు తిరగేస్తా, మామూలుగా. అప్పుడు నేను మొత్తం చెప్పినాను. ఏనుగులు, గంట, ఆరిపోయిన కార్డు, ఎర్ర నక్షత్రం. ఆయన మొదట నవ్వినాడు, నేను కలుపుతున్నాననుకుని. తర్వాత నవ్వు ఆపినాడు.

"అచ్చయిపోయింది నాయనా. ఏనుగుల సంగతి ఇప్పుడు ఎక్కడ రాసేది?"

"పోనీ సార్, ఆమెకు ఏ జబ్బూ లేదని ఒక కాగితం రాసివ్వండి."

"ఎవరికి? నా దగ్గర ఉండేవి నంబర్లు. పేరు నాకు తెలియదు, తెలియకూడదు. నియమం అది." చాలా మెత్తగా చెప్పినాడు.

ఆయన చెడ్డవాడు కాడు. లంచం ఎరగడు, తన టీ డబ్బులు తానే ఇచ్చుకుంటాడు. ఆయన పెట్టుకున్న నియమం మనుషుల్ని కాపాడేదానికే పుట్టింది. ఆ పొద్దు దాని వెనకాల ఆయనొక్కడే దాక్కున్నాడు. చెడ్డ అధికారుల గురించి మీకు అందరూ జాగ్రత్తలు చెప్తారు. ఇట్లాంటి మంచివాళ్ళ గురించి నేను చెప్తాండాను.

*పాల క్యాను*

సోమలలో దిగి, రెండు మైళ్ళు నడిచి ఆ పల్లె చేరినాను. ఇరవై మైళ్ళని చెప్పేవాడిని. రెడ్డెమ్మ ఊరి చివర రేకుల కొట్టంలో ఉంది, ఒక జెర్సీ ఆవు, ఒక ఆడబిడ్డ. బిడ్డకు ఏడాది దాటింది. రామకుప్పంలో మొగుడు ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. నన్ను చూడగానే గుర్తుపట్టింది.

"నీ మాదిరి పుట్టలేదప్పా, కూర్చో" అనింది.

దారంతా సాధన చేసుకుని వచ్చిన మాటలు పక్కన పెట్టినాను. ఉన్నదున్నట్టు చెప్పినాను. నీకు ఏ జబ్బూ లేదు, అప్పుడూ లేదు. కార్డు ఆరిపోయినాక చూసినాను. ఏనుగుల కోసం పోయినాను.

ఆమె ఆవు గంగడోలు నిమిరింది. తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను.

"ఆ పొద్దు తొక్కిన సేనుకు ఆఫీసరు వచ్చినాడప్పా. కొలత తాడేసి, ఎన్ని సెంట్లు పోయినాయో రాసుకోని పోయినాడు. నన్ను సూసేదానికి రెండేళ్ళకు నువ్వు వచ్చినావు."

ఆమె ఆవు ముందరికి గడ్డి తోసింది.

"నా పాలు బిడ్డకు ఈకుండా చేస్తిరి. ఈడ నా ఆవు పాలు క్యానులో పోయనీరు. నేనేం చేసి బతకాల?"

ఏం కావాలని అడిగినాను. మొగుడి ఊరికి వచ్చి చెప్పాలా? ఆ మాటకు ఆమె తల అడ్డంగా ఊపింది. ఆ ఇంటికి ఇంక పోదు. పాలకేంద్రానికి రమ్మనింది. ఊరందరి పాలు పోసే క్యానులో తన పాలు పోయించాలి, అంతే.

పాలకేంద్రం సెక్రెటరీ చెంగల్రాయప్ప. పెద్దమనిషి, నిదానస్తుడు. నున్నటి కాగితం ఆయన ముందర పెట్టి, నలభై ఒకటో నంబరు మీద వేలు పెట్టి, తెలుగులో చదివి చెప్పినాను. ఆయన కాగితం అటూ ఇటూ తిప్పినాడు.

"దీంట్లో రెడ్డెమ్మ పేరు యాడుండాదప్పా?"

"పేరుండదు. నంబరు."

"ఆయమ్మ ఆసుపత్రి చీటీలో పేరుండాది, ఎర్ర సుక్క గుర్తుండాది. దీంట్లో పేరు లేదు, సీలు లేదు. నాకేమీ పగ లేదప్పా. ఒకరు అనుమానమంటే క్యాను పాలంతా పారబోయాల. ఊరంతా పోసే క్యాను గదా."

పాల వల్ల అంటదని చెప్పినాను. ఆవుకు ఆ జబ్బు రాదని చెప్పినాను. పుంగనూరులో డాక్టర్లకే ఎక్కని మాట ఆయనకు ఎందుకు ఎక్కాలి? రెడ్డెమ్మ వైపు తిరిగి, మళ్ళీ రక్తం తీసి ఇక్కడే అందరి ముందర పరీక్ష చేస్తానన్నాను.

"ఇంగో తూరి సూదా?" అనింది. "మళ్ళా ఏనుగులొస్తే?"

చెంగల్రాయప్ప నవ్వినాడు. పాలు పోసేదానికి వచ్చిన వాళ్ళు నవ్వినారు. నవ్వించటం నా పని అనుకుని బతికిన మనిషిని నేను. నా మీద వేరేవాళ్ళు వేసిన మాటకు అట్లా నవ్వు రావటం అదే మొదటిసారి.

బెంచీ మీద కూర్చుని తెల్ల కాగితం అడిగినాను. రాసినాను. 'నేను ఫలానా, ల్యాబ్ టెక్నీషియన్. రామకుప్పం పక్కన క్యాంపులో రెడ్డెమ్మ పరీక్ష కార్డును టైము దాటి ఒక గంట తర్వాత చూసినాను. తప్పుగా చదివినాను. చెప్పకూడనిది చీటీ మీద గుర్తు పెట్టినాను. పట్నంలో చేసిన పరీక్షల్లో ఆమెకు ఏ జబ్బూ లేదు. తప్పు నాది.' సంతకం, ఉద్యోగం, ఊరు. పాలలో వెన్న శాతం రాసే పలక పక్కన మైదా బంకతో అంటించినాను. గొంతెత్తి రెండుసార్లు చదివినాను. ఒక్క మాట కలపలేదు. కలపాలనిపించలేదు.

చెంగల్రాయప్ప కళ్ళజోడు పెట్టుకుని మూడోసారి తనే చదివినాడు. "సంతకం పెట్టినావు. మీ ఆఫీసరుకు తెలిస్తే?" అన్నాడు. తెలియాలనే పెట్టినానన్నాను. అంత ధైర్యంగా అనలేదు, నీళ్ళు నమిలినాను. ఆయన రెడ్డెమ్మ చెంబు అందుకుని, క్యానులో పోసినాడు. అందరి పాలూ అయిపోయినాక, కడపట. ఆ 'కడపట' ఇంకో ఆరు నెలలు నడిచిందని తర్వాత విన్నాను.

ఆఫీసుకు తెలిసింది. పరీక్ష వివరాలు బయటపెట్టినందుకు నా మీద విచారణ జరిగింది. ఎర్ర నక్షత్రాలు పెట్టినన్ని ఏళ్ళు జరగని విచారణ, లేదు అని రాసినందుకు జరిగింది.

*ట్రైనింగు*

రెండు వేలు దాటినాక కాలం మారింది. ప్రతి ఊళ్ళో పరీక్ష కేంద్రం, తలుపున్న గది, కూర్చోబెట్టి మాట్లాడే కౌన్సిలరు, మూడు రకాల కార్డులు. మునస్వామి సారు ఒంటరిగా చేసింది ఇప్పుడు నియమం. రెడ్డెమ్మ మదనపల్లె వచ్చి, నేను లేని రోజు చూసి, పరీక్ష చేయించుకుందట. మూడు కార్డులూ లేదన్నాయి. ఆ కాగితం ట్రంకుపెట్టెలో పెట్టుకుంది, ఎవరికీ చూపించలేదు. నాకు ఈ మాట చెప్పింది చెంగల్రాయప్ప.

నా ఉద్యోగం కడపటి ఏడాదిలో మదనపల్లెలోనే ఒక ట్రైనింగు. మీలాంటి కొత్త పిల్లలు ముప్పై మంది. పాఠం చెప్పే అమ్మాయి చురుకైనది, తెర మీద ఒక్కొక్కటే చూపిస్తోంది. గర్భిణుల్లో తప్పుడు పాజిటివ్‌లు వస్తాయి, కారణం గర్భం వల్ల ఒంట్లో మార్పులు, మన జిల్లాలోనే జరిగిన ఒక పరిశోధన ఇట్లా చెప్తోంది అనింది. కింద చిన్న అక్షరాల్లో పెద్ద డాక్టరు పేరు, పేపరు పేరు. పిల్లలు రాసుకుంటున్నారు.

గర్భిణుల్లో అట్లా జరగవచ్చేమో, నాకు తెలియదు. ఆ రక్తంలో మాత్రం జరగలేదు. నేను లేచి నిలబడినాను.

"అమ్మా, ఆ నలభై ఒకటో నంబరుకు కారణం గర్భం కాదు. ఏనుగులు."

గది గొల్లుమంది. వెనక బెంచీలో పాత స్నేహితులు బల్లలు చరిచినారు. మొదలుపెట్టినాడప్పా అన్నారు ఎవరో. ఆ అమ్మాయి కూడా నవ్వాపుకోలేక, "సార్ గురించి విన్నాను, టీ టైములో చెప్పండి సార్" అనింది. మళ్ళీ చెప్పినాను. రామకుప్పం, రాగి చేను, ఆరిపోయిన కార్డు. చెప్పేకొద్దీ ఇంకా నవ్వినారు. అంతకాలం ఆ ఊళ్ళో ఫ్రిజ్జును ఆవు చేసినవాణ్ణి, గడియారంతో లారీలు ఆపినవాణ్ణి. నిజం చెప్పేదానికి నా దగ్గర వేరే గొంతు మిగల్లేదు.

తెర మీద తర్వాతి పాఠం వచ్చింది. కూర్చున్నాను. ఆ నెలలోనే రిటైర్మెంటు కాగితం పెట్టినాను.

ఆ పేపరు ఇప్పటికీ ఉంది. మీ పుస్తకాల్లోకి కూడా రావచ్చు. పాలకేంద్రం గోడకు సున్నం కొట్టి చాలా ఏళ్ళయింది. అందుకని ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను, ఈసారి సరిగ్గా.

ఏనుగులు ఇరవై కాదు. రెండు. ఒక తల్లి, దాని పక్కన పిల్ల. పావుగంటలో వెళ్ళిపోయినాయి. వెంటనే తిరిగి వచ్చి ఉంటే కార్డు ఇంకా తడిగానే ఉండేది. మిగతా సేపంతా నేను చేని గట్టు మీద నిలబడి, ఎన్ని వచ్చినాయో జనానికి చెప్తా ఉన్నాను.